ఏమే అంటే వచ్చే కుక్క

చింతామణి, ఆదివారం పొద్దున. చుట్టం చూపుకొచ్చిన బ్యాంకు స్నేహితుడు రామచంద్రప్ప ఇప్పుడే గేటు దాటినాడు. వాకిట్లో ఆదినారాయణప్ప, ఆయన పెండ్లాం, టైగర్ అనే కుక్క.

“మానం పాయె! ఉన్న మానమంతా పాయె!”

“మెల్లిగా అరువు. ఆయప్ప ఇంకా వీధి మలుపు తిరగల్యా.”

“విననీ! ఆయప్ప కుక్క సిట్ అంటే కూసుంటాది. షేక్ హ్యాండ్ అంటే కాలిస్తాది. నాది? టైగర్ కమ్, టైగర్ కమ్ అని గొంతు చించుకుంటే, నేనెవరో తెలీనట్ల తోక నాక్కుంటా పండుకుండాది!”

“దానికి ఇంగ్లీషు రాదప్పా.”

“కుక్కలకి వచ్చేదే ఇంగ్లీషు! బెంగళూరు నుంచి పుస్తకం తెచ్చి నేర్పిస్తాండా.”

“ఇంగ్లీషు మీడియంలో చదివిన మన కొడుకు పురుషోత్తమే కమ్ అంటే రాడు.”

“వాని మాట ఇప్పుడేల? సరే, కమ్ అంటే రాల్యా. ఏమే, కాఫీ తీసుకురా అని నిన్ను పిలిస్తే, ఇదేల పరిగెత్తుకోనొచ్చి నా ముందర కూసోవల్ల?”

“కాఫీ తేలేదని తిడతాండావా దాన్ని?”

“ఆయప్ప ఏమన్నాడో విన్నావా? కుక్కకీ ఇంటామెకీ ఒకే పేరా ఆదినారాయణప్పా, అనె. నవ్వి నవ్వి చొక్కా మీద కాఫీ పోసుకునె!”

“నువ్వూ నవ్వితివి.”

“మర్యాదకి నవ్వినా.”

“ఎవురి మర్యాదకి?”

“మాట తిప్పద్దు! రేపే దీన్ని హైవే మీద పేరేసంద్ర డాబాలో వదిలేసి వస్తా.”

“నన్నూ ఆడే వదులు. రొట్టెలు చేసే ఆమెని కూడా పేరు పెట్టి పిలుస్తారంట.”

“ఇంకొకటి. డబ్బాలో బియ్యప్పిండి నిప్పట్లు యాడికి పోతాండాయి? ఆయప్పకి పెడదామంటే అడుగున పొడి ఉండాది!”

“పొయ్యి మీద పాలుండాయి, చూసొస్తా.”

“నిన్నే అడుగుతాండేది. ఏమే! ...చూడు, మళ్లా వచ్చె! పో! గో! నీ కొంగేల లాగుతాండాది? ఏముండాది కొంగులో?”

“నిప్పట్టు.”

“కుక్కకా?”

“నువ్వు ఏమే అన్నప్పుడల్లా ఒక ముక్క. నువ్వు బ్యాంకుకి పోయినాక, నీ మాదిరే గొంతు చేసి, ఏమే ఏమే అని అరిచి నేర్పించినా. నీ పుస్తకంలోదే. పిలవల్ల, వస్తే తిండి పెట్టల్ల అని బొమ్మలేసిండారు.”

“పిచ్చా నీకు? ఏల చేసినావు?”

“పెండ్లైనప్పటి నుంచి ఆ పిలుపుకి నేనొచ్చినా. ఇంక అది వస్తాది. మా అమ్మా నాయనా నాకొక పేరు పెట్టిండారు.”

“పెండ్లాన్ని పేరు పెట్టి పిలిస్తే వీధిలో నవ్వుతారు!”

“ఇందాక ఏడ్సినారా?”

“...తల పగిలిపోతాండాది. కాఫీ ఇస్తావా, ల్యా?”

“టైగర్‌ని అడుగు. నేను లోపలికి పోతాండా.”

“ఏ... హ... హనుమక్కా.”

“ఆఁ, వస్తాండా. చూసినావా, నాకు నిప్పట్టు కూడా అక్కర్ల్యా.”