దిగేదాంక

యూనివర్సిటీలో సంగీతం కోర్సుకు ఇంటర్వ్యూ అయ్యాక ఆమె బయటికొచ్చి, తండ్రి నడిపే ఆటో ఎక్కింది. తార్నాక చౌరస్తాలో ఎర్రలైటు పడగానే తండ్రి వెనక్కి తిరిగాడు.

"ఏమైంది బిడ్డా?"

"తప్పు చెప్పిన నాయినా. సార్ ఒక రాగం పాడిండు. స్వరాలు పైకి ఎక్కంగనే 'మోహనం' అన్న."

"కాదా మరి?"

"బిలహరి. ఎక్కేటప్పుడు రెండూ ఒక్కతీరే ఉంటయి, స రి గ ప ద. దిగేటప్పుడు మోహనం అవే ఐదింటితోని దిగుతది. బిలహరి ని, మ గూడ కలుపుకొని దిగుతది. దిగేదాంక వింటెనే అది ఏ రాగమో తెలిసేది."

"జర ఆగకపోయినవా?"

"నాకు తెలుసన్న తొందర."

"సార్ కోపం చేసిండా?"

"లేదు. 'నేనింకా దిగలేదమ్మా' అన్నడు, గంతే."

పచ్చలైటు పడింది. తండ్రి ఆటో ముందుకు పోనిచ్చాడు.

"మీ అక్క పెండ్లి చేసుకున్న సుదర్శన్ మనింటికి వచ్చిననాడు, నేనెంతసేపు మాట్లాడిన?"

"ఏడ మాట్లాడినవ్? పేరు అడిగినవ్. 'చర్చికి పోతవా' అన్నవ్. ఔనన్నడు. తలుపేసినవ్. ఆయన చెప్పులు గూడ విడువలేదు."

"రెండేండ్లాయె."

"మూడు."

తండ్రి ఆటోను ఇంకో దారికి తిప్పాడు.

"నాయినా, మనిల్లు ఇటు గాదు గదా? రామంతాపూర్ అటు."

"లాలాపేట్ల అక్కోళ్ళింటికి పోతున్నం. ఆమెకు ఫోన్ చెయ్యి. అల్లుణ్ణి ఇంట్లనే ఉండుమను."

"పోయి ఏం మాట్లాడ్తవ్?"

"నేనేం మాట్లాడ బిడ్డా. ఆయన చెప్పేదంత అయ్యేదాంక ఆగుత."