రాకాసికి కుట్టిన సందు

ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న మన స్టూడియో పెద్దాయనకు, వేదిక మీదున్న దర్శకులవారికి, ముందు వరుసలో కూర్చున్న పొడుగన్న వాళ్ల అక్కగారికి, కుర్చీలు చాలక గోడకు ఆనుకుని నిలబడ్డ మా లైట్లవాళ్లకు, వడ్రంగులకు, రంగులవాళ్లకు, అందరికీ నమస్కారం. నేను ఇక్కడ దర్జీని. మైకు ముందు నిలబడటం ఇదే మొదలు. ఎక్కడైనా కుట్టు తప్పితే మీరే సర్దుకోవాలి. (నవ్వులు)

మనం వీడ్కోలు చెప్పవలసిన మనిషి ఇంకా రాలేదు. మధ్య కుర్చీ ఖాళీగానే ఉంది. సెక్రటరీగారు ఇందాక నా చెవిలో, "దారిలో ఉండుంటాడు, వచ్చేదాకా నువ్వేదో ఒకటి లాగుతూ ఉండు" అన్నారు. గుడ్డ చాలనప్పుడల్లా మేం చేసే పని అదే కాబట్టి, లాగుతాను.

పొడుగన్న తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఈ స్టూడియోలో తీసిన రాకాసి సినిమాలన్నిటిలోనూ రాకాసి ఆయనే. కొండ దిగి వచ్చింది, నీళ్లలోంచి లేచింది, గోడ పగలగొట్టుకుని వచ్చింది, అన్నీ ఆయనే. అన్నిటికీ చర్మం కుట్టింది నేను. అదుగో, హాలు ద్వారం దగ్గర మీరంతా పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారే, రబ్బరు కోరలు, మోకాళ్లదాకా జుట్టు, అది ఆయన చివరి సినిమా వేషం. ఇవాళ శోభ కోసం దాన్ని ఎవరికో తొడిగి నిలబెట్టారు. నా వెనక బ్యానరు మీద ఉన్న బొమ్మా దానిదే. ఆయన ఫోటో దొరకలేదన్నారు. నిజమే అయ్యుంటుంది.

రాకాసులు ఎక్కడినుంచి వస్తాయని ఒకసారి ఒక విలేకరి నన్ను అడిగాడు. రబ్బరు, స్పాంజి అమ్మే కొట్టునుంచి అన్నాను. (నవ్వులు) ఇంటికెళ్లాక ఆలోచనలో పడ్డాను. మా ఊళ్లో మట్టి తవ్వి వదిలేసిన గుంత ఒకటి ఉండేది. అందులో పొడుగు చేతుల రాకాసి ఉందని, ఒడ్డుకొచ్చిన పిల్లల కాళ్లు పట్టి లోపలికి లాగుతుందని మా నాయనమ్మ చెప్పేది. "నువ్వు చూశావా?" అంటే, "చూసినవాడు తిరిగొస్తే గదరా చెప్పటానికి" అనేది. మా నాన్నకంటే ముందు ఆమెకు ఇంకో కొడుకు ఉండేవాడని, ఆ గుంతలోనే పోయాడని, ఆమె పోయాక తెలిసింది నాకు. పిల్లాడు జారి పడ్డాడని చెప్పటానికి నోరు రాక, చేతులున్న రాకాసిని చెప్పింది. పక్క ఊరి రాకాసికి చేతులు కాదు, కడుపు ఉండేది. ఎంత తిన్నా నిండని కడుపు. వాళ్లు కరువు చూసినవాళ్లు. జ్వరాలు చూసిన ఊరి రాకాసి ఇంటింటికీ వచ్చి తలుపు తడుతుంది. ఎవరికి ఏ దెబ్బ తగిలితే దానికి కోరలు పెట్టుకున్నారు. ఇంతవరకు నాకు తప్పేమీ కనపడదు. గుంతకు కంచె వెయ్యలేనివాళ్లు మాటతో కంచె వేసుకున్నారు, అంతే.

దెబ్బ ఎక్కడినుంచి తగిలిందో తెలియనప్పుడే చిక్కు. అప్పుడు జనం మనుషుల వైపు చూస్తారు. ఒంటరిగా ఉండే ముసలమ్మ వైపో, మెల్లకన్నువాడి వైపో, తమ కొలతలకు అందనివాడి వైపో చూస్తారు. పొడుగన్నకు మీసాలు రాకముందే గుమ్మం నుదుటికి తగిలేదట. అక్కగారు ఇందాక ఇక్కడే కూర్చుని చెప్పారు. "మా అమ్మ వాడికి వంగి నడవటం నేర్పింది నాయనా. నిటారుగా నిలబడితే కొట్టేది" అన్నారు. ఒక ఏడు ఆ ఊళ్లో పశువులు వరసగా చచ్చాయి. మేతకు బూజు పట్టిందని పశువుల డాక్టరు చెప్పాడు. బూజు మీద రాళ్లు వెయ్యలేరు గదా, పొడుగన్నను రాకాసి అని వీళ్లింటి మీద వేశారు. తండ్రి కొడుకును తీసుకొచ్చి ఈ స్టూడియోలో చెక్కలు మోసే పనికి అప్పజెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. అప్పటి పెద్ద డైరెక్టరుగారు, ఇప్పుడు లేరు, పొడుగన్నను ఎగాదిగా చూసి "దొరికాడ్రా మన రాకాసి" అన్నారు. ఊరు అన్న మాటే. మనం జీతం ఇచ్చి అన్నాం.



ప్రతి సినిమాకు ముందు ఆ డైరెక్టరుగారు అడిగే ప్రశ్న ఒకటే. "జనం ఇప్పుడు దేనికి భయపడుతున్నారు?" మిల్లు మూతపడిన ఏడు ఇనుప పళ్ల రాకాసిని చేశాం. ఎక్కడినుంచో కొత్తవాళ్లు వచ్చి ఊరి చివర గుడిసెలు వేసుకున్న ఏడు, అర్థంకాని భాష మాట్లాడే రాకాసిని చేశాం. బాగా ఆడింది. తర్వాత ఆ గుడిసెల పిల్లల్ని బళ్లో ఆ రాకాసి పేరు పెట్టే పిలిచారు. మా నాయనమ్మ కథ పిల్లల్ని గుంతకు దూరంగా ఉంచింది. మన కథ పిల్లల్ని పిల్లలకు దూరంగా ఉంచింది. దాన్ని వెనక్కి తీసుకునే దారి ఏదైనా ఉందేమో నాకు తెలియదు. ఉందని అనుకోను.

వేషం సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. మీరు దాన్ని బయటినుంచి చూస్తారు, నేను లోపలినుంచి కుడతాను. లోపల గాలి ఉండదు. లైట్ల వేడికి చెమట కాళ్లలోకి దిగి, నడిస్తే బూట్లలో నీళ్ల చప్పుడవుతుంది. తల బిగించాక లోపలి మాట బయటికి వినపడదు. మొదటి సినిమాలో పొడుగన్న ఊపిరాడక చేతులు కొట్టుకుంటుంటే డైరెక్టరుగారు "బాగుంది, ఇంకా, ఇంకా" అన్నారు. షాట్ కాగానే పడిపోయాడు. అప్పటినుంచి ప్రతి వేషానికీ కుడి మణికట్టు దగ్గర, జుట్టు కింద ఒక సందు వదిలి కుట్టాను. ఇక చాలనుకుంటే అందులోంచి రెండు వేళ్లు బయటపెడతాడు. ఒక వేలికి గోరు ఉండదు, చెక్కల కింద నలిగింది. కెమెరా పక్కన కూర్చుని నేను ఆ సందునే చూసేవాణ్ని. వేళ్లు కనపడగానే చెయ్యెత్తితే, నలుగురు వచ్చి చుట్టూ నల్లగుడ్డ పట్టేవాళ్లు, నేను లోపలికెళ్లి జిప్పు తీసేవాణ్ని. గుడ్డ ఎందుకంటే, పక్కన నటించేవాళ్లు ఆయన మొహం చూస్తే తర్వాతి షాట్‌లో భయపడలేరని. అది ఇక్కడి పద్ధతి. భోజనం కూడా గుడ్డ వెనకే. "ఏం పొడుగన్నా, రాణివాసం ఎట్లా ఉంది?" అంటే, "రాజు లేడు గానీ బాగానే ఉంది" అనేవాడు. (నవ్వులు)

ఎన్నడూ ఏదీ అడగని మనిషి చివరి సినిమాలో ఒకటి అడిగాడు. రాకాసి చచ్చేటప్పుడు తల ఊడి లోపలి మొహం కనపడే షాట్ ఒకటి పెట్టమన్నాడు. "అక్క ప్రతి సినిమాకీ వెళ్లి నన్ను వెతుక్కుంటోంది. ఒక్కసారి కనపడితే చాలు" అన్నాడు. ఇదుగో, వేదిక మీదున్న దర్శకులవారు ఒప్పుకున్నారు, తీశారు. ఆరోజు పొడుగన్న గడ్డం గీయించుకుని, తల దువ్వుకుని మరీ వేషంలోకి దూరాడు. (నవ్వులు) విడుదలకు ముందు కొంతమందికి సినిమా వేసి చూపించారు. ఆ షాట్ దగ్గర హాలంతా ఇలాగే నవ్వింది. లోపల మామూలు మనిషి ఉండేసరికి నవ్వొచ్చిందట. కత్తిరించేశారు. దర్శకులవారిని నేను తప్పు పట్టను. నవ్వింది జనం. "ఇందులోనూ లేడేం నాయనా?" అని అక్కగారు ఇందాక అడిగారు. చివర్లో ఉన్నాడమ్మా, మీరు ముందే లేచొచ్చినట్టున్నారు, అన్నాను. అది అబద్ధం అక్కగారూ, క్షమించాలి. ఇప్పుడు ఆయన వస్తే మీ అందరి ముందూ...

(ద్వారం వైపు చూశారు.)

సెక్రటరీగారూ, ద్వారం దగ్గర ఆ వేషంలో ఉన్నదెవరు?

(సెక్రటరీ లేచి, "రమ్మన్నవాడు రాలేదు. ఎవరో పొడుగాటాయన గేటు దగ్గర నిలబడి ఉంటే, వేషానికి వచ్చింది నువ్వేనా అన్నాను. తలూపాడు. తొడిగించేశాం" అన్నారు. నవ్వులు)

తలూపుతాడు. వేషానికి వచ్చింది నువ్వేనా అంటే ఆయన కాదని ఎట్లా అంటాడు? మీకు మొహం తెలియదు, మీ తప్పు కాదు. నాకు తెలుసు. నేనూ ఆ పక్కనుంచే లోపలికి వచ్చాను. భుజం దగ్గర కుట్టు సరిగా కూర్చుందా లేదా అని చూసుకుని వచ్చాను.

నవ్వకండి. కుడి మణికట్టు చూడండి. రెండు వేళ్లు బయటికొచ్చాయి.

ఫోటోలు ఆపండి. పాపను ఎత్తుకున్న అమ్మా, కొంచెం జరుగు. తలుపులు రెండూ తెరవండి, గాలి రానివ్వండి. జిప్పు మెడ వెనక ఉంటుంది, మీరు లాగితే ఇరుక్కుంటుంది, నేను వస్తున్నాను. ఇవాళ గుడ్డ వద్దు. లైట్లు అటు తిప్పండి. అక్కగారూ, లేవండి, అదుగో మీ తమ్ముడు. పొడుగన్నా, అందరూ నీ కోసమే వచ్చారు.

(వేదిక దిగబోయి, మళ్లీ మైకు దగ్గరికి వచ్చారు.)

చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు. గుడ్డ పట్టమంటున్నాడు.

సరే. లైట్లు ఆపండి. మనవాళ్లు నలుగురు రండి. నల్లగుడ్డ లేకపోతే ఈ బ్యానరు విప్పి పట్టండి. మిగిలినవాళ్లు అటు తిరగండి. అక్కగారూ, మీరు నా వెంట రండి, లోపల ముగ్గురికి చోటుంటుంది.

వచ్చినందుకు, విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. నాకు పనుంది. సెలవు.