ఉల్టా తీగల జాయ్‌స్టిక్

ముందే ఒప్పుకుంటున్నాను: వైర్లు కలపడం వచ్చినవాళ్ళు ఒకే ఇంట్లో ఇద్దరు ఉండకూడదని నేను చాలాకాలం గట్టిగా నమ్మాను. కింద ఉన్నవి అలాంటి ఇద్దరి మాటలే. పటాన్‌చెరు, 2002 ఎండాకాలం, ఆదివారం, చర్చి నుంచి వచ్చాక. ఒకరు మా డాడీ సుందర్‌రాజు, బొల్లారంలో ఒక మందుల కంపెనీలో వైర్‌మన్. రెండోవాళ్ళు నేను, గ్రేస్, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి సర్క్యూట్ బోర్డుల కంపెనీలో పనిచేస్తున్నదాన్ని.

"ఎలుక గావచ్చు."

"ఎలుక సోల్డర్ పెడ్తదా డాడీ?"

"పెట్టిందని నేనన్ననా? మెల్లగ మాట్లాడు. పక్కింటోళ్లు అన్నం తింటుండ్రు."

"తిననీ. స్ప్రింగ్ ఒకటి మారుద్దామని నా వీడియో గేమ్ జాయ్‌స్టిక్ డబ్బా కింది రేకు ఊడదీసిన. చూస్తే మొదటి బటన్ మీద ఎర్ర తీగ ఉంది. నిన్న అక్కడ నీలం ఉండె."

"తీగ గద. కదిలి ఉంటది."

"పై వరుసల రెండు, కింది వరుసల రెండు. ఊడొచ్చి, ఒకదాని జాగల ఒకటి కూసోని, మళ్ల అతుక్కున్నయా?"

"నీ డబ్బా సంగతి నీకే తెల్వకపోతె నాకేం తెలుస్తది?"

"నాకెందుకు తెల్వదు? ప్లైవుడ్ నేను కోసిన. చెయ్యి ఆనేకాడ ఆటో సీటు రెగ్జిన్ నేను కుట్టించిన. బటన్ మెత్తగుండాలని పెన్ను స్ప్రింగులు నేను కత్తిరించి పెట్టిన. హ్యాండిల్ మీద కుక్కర్ మూత పిడి..."

"గది ఇంక మీ మమ్మీకి తెల్వదు."

"తెల్వనియ్యకు. ఆమె పట్టకారుతోటి మూత తీస్తుంది, అలవాటైపోయింది."

"మా కంపెనీ డేంజర్ రేకు గూడ తెచ్చి బిగించినవ్. పుర్రె బొమ్మది. నాలుగు వందల నలభై వోల్టులని రాసుంది. నీ డబ్బాల ఉన్నది అయిదు వోల్టులు."

"అందానికి డాడీ."

"పుర్రె అందమా?"

"మాట మార్చకు. పొద్దుగాల చర్చిల నువ్వెక్కడున్నవ్?"

"ఎనుక బెంచీల. ఎప్పుడు కూసునే కాడనే."

"నేను క్వైర్ల నిలబడ్డ. ముందట. నాకు అందరు కనిపిస్తరు. పాస్టర్ గారు ప్రసంగం మొదలువెట్టంగనే నువ్వు లేసి పోయినవ్."

"దగ్గొచ్చింది."

"ఆఖరి ప్రార్థనకు తిరిగొచ్చినవ్. అంతసేపు దగ్గినవా?"

"మందుల కంపెనీ దగ్గు బిడ్డా. జల్ది పోదు."

"నీ బొటనవేలు చూపియ్యి."

"ఎందుకు?"

"చూపియ్యి. ఇగో. సోల్డర్ పేస్ట్. ఇంకా జిగటగనే ఉంది."

"సబ్బుతోటి కడిగిన గదా."

"డాడీ!"

"సరే, నేనే. జెర... సరిజేసిన."

"ఏం సరిజేసినవ్?"

"తప్పుండె."

"ఏం తప్పు?"

"నువ్వే జెప్పినవ్ గదా. మొదటి బటన్ చిన్న గుద్దు, నడిమిది కొంచెం పెద్దది, చివరిది గట్టి గుద్దు. దునియల అన్ని గేమ్ మిషన్లకు గదే వరుస అని. కింద తన్నులకు గూడ గంతే అని. నీ దాంట్ల గట్టిది మొదలుండె, చిన్నది చివర ఉండె. ఎర్ర తీగ, నీలం తీగ తారుమారు. రెండిటిని యాడియి ఆడ పెట్టిన. గంతే."

"గంతేనా? క్రిస్మస్ సంది నేను దాంతోనే ఆడుతున్న డాడీ! నా చూపుడు వేలికి గట్టి గుద్దు అలవాటైంది. ఇప్పుడు అదే వేలుతోటి కొడ్తే దోమను కొట్టినట్టు పడ్తది. నాలుగింటికి ఆట పెట్టుకొని ఇయ్యాలనే దొరికిందా నీకు?"

"ఇయ్యాలనే గదా జనమొచ్చేది."

"జనానికి దీనికి ఏం సంబంధం?"

"ఏం లే. కూసో. నువ్వట్ల అటు ఇటు తిరిగితె నాకు కండ్లు తిరుగుతున్నయి."

"ఎట్ల కూసోవాలె? నేను ఓడిపోతే ఏమైతదో యాదుందా నీకు? సంగయ్య సేటు దుకాణంల ఇంటర్నెట్ కంప్యూటర్లు పెడ్తుండు. ఆడున్న నా గేమ్ మిషన్‌ను పాత సామాన్ల కబాడీకి ఏస్తడు. నర్సరాజును ఓడగొడ్తేనే నాకిస్తనన్నడు. తన తమ్ముని కొడుకు గదా, వాడు ఓడిపోడని ధీమా ఆయనకు."

"నీ మిషన్ ఎట్లయితది? సేటు మిషన్ గదా."

"చచ్చిపోయిన బోర్డు డాడీ అది. సికింద్రాబాద్ నుంచి వచ్చిన మెకానిక్ పనికిరాదని చేతులు దులుపుకొని పోయిండు. అప్పుడు నేను పాలిటెక్నిక్ రెండో సంవత్సరం. సేటును బతిమాలి, పొద్దుగాల పొద్దుగాల షట్టర్ తెరిపించుకొని, ఒక్కొక్క చిప్పు చూసుకుంట లేపిన. తెర మీద రంగులొచ్చిన రోజు నేను బస్టాండ్ దాక ఉరికొచ్చి నీకు చెప్పిన. నా చేతుల మొట్టమొదట బతికింది అదే. దాన్ని రేకుకు రేకు, తీగకు తీగ ఊడబీకుతరు."

"గంత మిషన్ ఇంట్ల యాడ వెడ్తవ్? బీరువా పక్క తప్ప జాగ లేదు. బీరువా తలుపు సగమే తెరుసుకుంటది."

"సగం చాలు. లోపలున్నయి ఏమన్న పట్టుచీరలా?"

"గ్రేసక్కా! ఓ గ్రేసక్కా!"

"మా కంపెనీ సుమిత్ర వచ్చినట్టుంది... ఏందే?"

"అక్కా, నర్సరాజు వచ్చి కూసుండు. జనం షట్టర్ బయట దాక నిలబడ్డరు. మన కంపెనీ షిఫ్ట్ బస్సుల పోరిలంత దిగిర్రు, డ్రైవర్ గూడ దిగిండు. 'ఉల్టా ఇంజినీర్ భయపడి ఇంట్ల పండుకుందా' అని నవ్వుతుండు వాడు."

"వస్తున్నని చెప్పు. చర్చిల ఆలస్యమైందని చెప్పు."

"చర్చి ఎప్పుడో అయిపోయింది గదక్కా. మా ఇంటి ముందటి నుంచే వచ్చిర్రు మీరు."

"అయితే ప్రార్థన చేసుకుంటుందని చెప్పు. పో!"

"మంచిగ చేసుకో అక్కా. వాడు వేళ్లు ఇరుసుకుంటుండు."

"విన్నవా డాడీ? ఉల్టా ఇంజినీరంట."

"ఇన్న. రోజు ఇంటున్న. ఆటో ఎక్కితె అంటుండ్రు, కంపెనీ గేటు కాడ అంటుండ్రు. సుందర్‌రాజు బిడ్డ డిప్లొమా సదివి వైర్లు ఉల్టా కలిపిందంట అని."

"అననీ."

"ఇయ్యాల గందరి ముందట మళ్ల నవ్వుతరని..."

"అందుకా మార్చినవ్?"

"నవ్వొద్దని."

"నవ్వితే నవ్వనీ డాడీ! మొదటి రోజు నాకు ఏడుపొచ్చిన మాట నిజమే. గట్టి గుద్దు కొడ్తే చిన్నది పడుతుంది, చిన్నది కొడ్తే గట్టిది. రేకు తీసి చూస్తే నీలం మొదలుంది. డిప్లొమా ఎందుకు, కాల్చి పారెయ్యనా అనిపించింది. గానీ మార్చబుద్ధి కాలే. రెండో వారంల నా వేలు దానంతటదే పోవుడు మొదలువెట్టింది. అప్పుడు నర్సరాజుకు ఇచ్చిన, 'ఆడు, చూద్దాం' అని. రెండు నిమిషాలు ఆడి, 'ఇది జాయ్‌స్టిక్కా, పిచ్చాసుపత్రా' అని లేసి పోయిండు. ఆ రోజు అందరి ముందట చెప్పిన నేను. అవును, తప్పు కలిపిన, ఆ తప్పుతోనే ఆడ్త, దాంతోనే నిన్ను ఓడగొడ్త అని."

"చెప్పినవ్. సంగయ్య సేటు మస్తు మురిసిపోయిండు గా మాటకు. నాకు గూడ చెప్పిండు."

"రెగ్జిన్ ఎవరైన కుట్టించుకుంటరు. కుక్కర్ పిడి ఎవరైన పెట్టుకుంటరు, మమ్మీ లేనప్పుడు. పుర్రె రేకు ఎవరైన కొట్టుకొస్తరు. ఆ తప్పు మాత్రం నాది. నా ఒక్కదానిది. దానివల్లనే ఆ డబ్బా నాదైంది."

"...నీ ఒక్కదానిది."

"ఏంది?"

"ఏం లే. నీలం తీగలు మళ్ల మొదటికి తెస్త. సోల్డర్ రాడ్ ఇయ్యి."

"కరెంట్ యాడుంది?"

"పోయిందా?"

"ఇందాకటి సంది ఫ్యాన్ తిరుగుతుందా? ఆదివారం గదా, లైన్ పని. నీ దోస్తు లైన్‌మన్ ఎల్లయ్యను అడుగు ఎప్పుడొస్తదో."

"ఎల్లయ్యనే స్తంభం మీద ఉన్నడు. ఆయన దిగితెనే కరెంటు, కరెంటు రావాల్నంటె ఆయన దిగాలె."

"నవ్వు రాలే డాడీ."

"నవ్వమనలే. మంచం కింద రేకు పెట్టె ఉంటది, తియ్యి. రాగి మొనది పాత రాడ్ ఉంటది సూడు, చెక్క పిడిది. మేము గవే వాడెటోళ్లం. స్టవ్ మీద కాల్చుడే."

"కిరసనాయిలు స్టవ్ మీదనా?"

"పుర్రె పెట్టుకుంటె అందం, స్టవ్ మీద కాలిస్తె నామోషీ."

"నామోషీ కాదు, ప్లాస్టిక్ కరుగుతదేమో అని. స్టవ్‌కు గాలి కొట్టు. ఇంకా కొట్టు. మొన ఎర్రబడాల్నా?"

"ఎర్రబడితె పాడైతది. రంగు మారంగనే తియ్యి. ఆ... ఇప్పుడు. డబ్బా బోర్ల పెట్టు. కదలకుంట పట్టుకో."

"పట్టుకున్న. ఆగు, ఏది ఎక్కడికో నేను చెప్త. పై వరుస మొదలు..."

"అయింది. కింది వరుస జరుపు."

"అయిందా? నేను చెప్పనే లేదు!"

"రాడ్ సల్లారుతది. మాట్లాడకు."

"నల్ల తీగ జెర పక్కకు... పసుపు ముట్టకు."

"పసుపు నేనెన్నడు ముట్టలే."

"ఎన్నడు అంటే?"

"గట్టిగ పట్టుకో. ఊగుతుంది."

"నువ్వే ఊగుతున్నవ్. డాడీ, ఈ బొట్టు చూడు."

"ఏ బొట్టు?"

"సోల్డర్ బొట్టు. నాది సన్నగుంటది. కంపెనీల నా బోర్డు చూపించి కొత్తోళ్లకు నేర్పుతరు. ఈ డబ్బాల నాలుగు మాత్రం మొదటి సంది రేగుపండ్ల లెక్క లావుగుండె. నిద్రమబ్బుల పెట్టి ఉంట అనుకున్న. ఇప్పుడు నువ్వు పెట్టినయి గూడ..."

"స్టవ్ మీద కాలిస్తె గట్లనే వస్తయి."

"పొద్దుగాల కరెంట్ ఉండె. నువ్వు ప్రసంగం ఎగ్గొట్టి పెట్టినయి గూడ రేగుపండ్లే. ఇందాక చూసిన."

"గ్రేసక్కా! సేటు గడియారం చూస్తుండు! పది నిమిషాలల్ల రాకపోతే ఓడినట్టే అంటుండు నర్సరాజు!"

"వస్తున్న సుమిత్రా! నువ్వు పోయి నా కుర్చీల కూసో! ఎవ్వరు లేపినా లేవకు!"

"వాళ్లంత మగోళ్లే ఉన్నరక్కా ముందట!"

"అయితే ఇంక గట్టిగ కూసో! ... డాడీ, ఇటు చూడు. స్టవ్ వంక కాదు, నా వంక. ఏ తీగ ఎక్కడుండెనో చూడకుంటనే పెట్టినవ్. ఎట్ల?"

"రేకు ఇయ్యి, బిగిస్త."

"ఎట్ల డాడీ?"

"...క్రిస్మస్‌కు ముందు, నువ్వు గీ డబ్బా పూర్తి జేసి, గీ బల్ల మీదనే బోర్ల పెట్టి పండుకున్నవ్. నేను సెకండ్ షిఫ్ట్ నుంచి వచ్చిన. నా బిడ్డ ఎట్ల కలిపిందో సూద్దామనిపించింది. కింది రేకు తీసిన."

"తీసి?"

"మస్తు సక్కగ ఉండె. తీగలన్ని జడ అల్లినట్టు. ఒక్కటే నచ్చలే. ఎడమ సంది సూస్తె నీలం, పసుపు, ఎరుపు ఉండె. మాకు ఏ మోటరుకైన ఎరుపు, పసుపు, నీలమే వరుస. రెండు మారితె మోటరు ఉల్టా తిరుగుతది. ఇరవై ఏండ్ల సంది సూసుడే, మార్చుడే. నిన్ను లేపుడెందుకని..."

"బోర్ల పెట్టి చూస్తే ఉల్టానే కనిపిస్తది డాడీ!"

"నువ్వు మర్నాడు ఏడ్చుకుంట ఇంటికొచ్చినంక సమజైంది. చెప్దామనే అనుకున్న. రోజు అనుకున్న. గంతల నువ్వు దునియకంత చెప్పుకుంటివి, తప్పు నాదే అని. ఉల్టా ఇంజినీర్ అని వాళ్లు నిన్నంటుంటె ఇనుకుంట ఊకున్న. నువ్వు కలిపింది సక్కగనే ఉండె బిడ్డా. గా తప్పు నీది కాదు. నాది."

"అయితే మొదటి రేగుపండ్లు గూడ నీయే."

"రాడ్ ఇంక వేడిగనే ఉంది. నువ్వు మొదలు కలిపినట్టే కావాల్నంటె మళ్ల..."

"ముట్టకు!"

"సరే, ముట్ట."

"ఆ తప్పు నాకిచ్చినవ్ గదా. ఇగ అది నాది. రేకు బిగియ్యి. గట్టిగ. నువ్వు గూడ నడువు."

మీ సామాను మీకు చెప్పకుండా బాగుచేసిన మనిషి మీ ఇంట్లోనూ ఉంటే, ఆ సంగతి నాకు రాయండి. మా ఇంట్లో బీరువా తలుపు ఇప్పటికీ సగమే తెరుచుకుంటుంది.