ఏటవాలు స్లైడర్

ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని, ముందు ఆ పగిలిన లెన్సు నా సోఫా మీంచి తియ్యి. గాజు ముక్క గుచ్చుకుంటే మళ్ళీ నాకేగా! చెల్లెలివి కదా అని నెత్తికెక్కించుకుంటే ఇదీ నీ వరస.

ఎంత పెద్ద ఫర్నిచర్ షాపే అది! ఏడాది పొడుగునా వాళ్ళ వీడియోలన్నీ నీవేనని ఊరంతా డప్పు కొట్టుకున్నావు. మొదటి రోజే కెమెరా తీసుకెళ్ళి ఓనరు గారి గాజుబల్ల మీద పడేశావు. శభాష్! బీరువా అడుగు నుంచి పైదాకా జారుతూ వెళ్ళే షాటట! జారిందిగా, కిందికి.

పొమ్మన్నాడా? అందరి ముందా? మరి పిలిచి ఇంకో బల్ల కూడా పగలగొట్టు తల్లీ అంటాడా?

స్లైడర్ అంటే ఏమనుకున్నావే? రెండు కడ్డీలు, మీద కెమెరా పెట్టే చిన్న బండి, అంతేనా? కాళ్ళు గట్టిగా ఆనాయో లేదో చూడాలి. బండిని బొటనవేలితో తోసి చూడాలి, ఎక్కడా పట్టెయ్యకూడదు. బల్లపరుపుగా ఆరు కిలోలు మోసేది ఏటవాలుగా పెడితే మూడుకే చేతులెత్తేస్తుంది. నీ కెమెరా, లెన్సు కలిపి నాలుగున్నర. బండిని ఆపే మర బిగించి చెయ్యి వదిలితే జర్రున రాక ఏం చేస్తుంది? పెట్టెలో కాగితం ఉంటుంది, చదవొచ్చుగా!

ఏంటీ? నన్నడిగావా? ఎప్పుడు?

ఓ, ఫోన్లోనా... "అక్కా, ఏటవాలుగా పెడితే ఆగుతుందా" అన్నావు కదూ. "భేషుగ్గా ఆగుతుంది, అదే కొను" అన్నానా? అన్నానేమోలే. గిన్నెలు తోముతున్నాను, సరిగ్గా వినలేదు.

అలా చూడకే. చిన్నప్పట్నుంచీ ఆ చూపంటే నాకు ఒళ్ళుమంట.

సరే, విన్నాను. బాగానే విన్నాను. ఏం చేస్తావిప్పుడు?

పద్దెనిమిదేళ్ళు వీడియోలు తీస్తూ తోశానే ఆ స్లైడర్ బండిని! చెప్పుల కొట్లు, ఆస్పత్రులు, స్కూళ్ళు, ఎన్ని చోట్లో! కిందటేడు ఈ వేళ్ళకి వణుకు పట్టుకుంది. మందులకీ లొంగలేదు. ఎవరికీ చెప్పలేదు. దానంతటదే నడిచే మోటారు స్లైడర్ కొనుక్కుని, ఇప్పుడంతా ఇదేనని కోతలు కోశాను. నువ్వేమో నా పాతది ఒకసారి చూస్తానని అడిగి, ఇదిగో ఈ బల్ల మీదే, కాఫీ కప్పు పక్కనుంచి ఒక్క తోపు తోశావు. ఎక్కడా ఒక్క కుదుపు లేదు! అమ్మ చూసి "చెయ్యంటే నీదేనే, మీ అక్కకి ఏనాడూ ఇంత మెత్తగా రాలేదు" అంది. నా ముందే! నేను నవ్వాను. నీకు టీ కూడా పెట్టిచ్చాను.

చెప్పుకో, అమ్మకే చెప్పుకో. నీకే అక్క మీద కుళ్ళంటుంది. ఆ ఓనరు ఇందాకే నాకు ఫోన్ చేశాడు, ఆ వీడియోలు తియ్యడానికి రేపు వెళ్తున్నాను.

ఇంకోటి కూడా వినిపో. కెమెరా పడుతుందని ఒక్కటే కాదు, పడేటప్పుడు నువ్వు చెయ్యి అడ్డం పెడతావని కూడా అనుకున్నాను. అనుకునే కొనమన్నాను.

ఏదీ, ఆ చెయ్యి ఇలా పెట్టు. గీత కూడా పడలేదు! అదృష్టమంటే నీదేనే.