పాలపిట్ట బిస్కెట్ల చెట్టు

నాగులు తడి వల భుజాన వేసుకుని లాకుల దగ్గరి మణెమ్మ టీ కొట్టుకి వచ్చాడంటే ఆ పూట కాలవలో చేపలు పడలేదని అర్థం. పడితే నేరుగా అమ్మకానికి చల్లపల్లి పోతాడు. పడకపోతే బల్ల మీద కూర్చుని వల బదులు మాటలు విసురుతాడు.

ఆ సాయంత్రం కొండలమ్మ అతని కోసమే కాచుకుని ఉంది.

"నాగులూ, నీ చిన్నప్పుడు పాలపిట్ట బిస్కెట్ల వాళ్ళు పిల్లల పేరున చెట్లు వేశారు కదా. నీది ఎక్కడుందిరా?"

ఆమె అడగడానికి కారణముంది. పది బిస్కెట్ల కాగితాలు పోస్టులో పంపితే కాలవ గట్టున మన పేరుతో చెట్టు వేసి, పేరూ నంబరూ కొట్టిన బిళ్ళ కడతామని పన్నెండేళ్ళ కిందట కంపెనీ వాళ్ళు చెప్పారు. మనవరాలు సత్యశ్రీ కాగితాలు పోగేసింది. కవరు మీద అడ్రసు కొండలమ్మే రాసింది. యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుని ఆమె రాసిన మొదటి ఉత్తరం అదే. ఊళ్ళో పిల్లలందరికీ చెట్టు నంబరేసిన కార్డులు వచ్చాయి, సత్యశ్రీకి రాలేదు. తన రాత వల్లే కవరు ఎటో పోయిందని కొండలమ్మ అనుకుంది. "నీ చెట్టు వేశారే, నేను చూశాను, కార్డే దారిలో పోయింది" అని పిల్లకి అబద్ధం చెప్పింది. బిళ్ళలు ఉండగా వెళ్ళి చూసే ధైర్యం చాల్లేదు. మరుసటి ఏడాదికి గట్టు మీద ఏ చెట్టుకీ బిళ్ళ లేదు. ఇప్పుడా పిల్ల బెజవాడ కాలేజీ నుంచి సెలవలకి వచ్చి, రేపు పొద్దున్నే నా చెట్టు చూపించు నాయనమ్మా అంటోంది.

"నా చెట్టా?" నాగులు వల పక్కన పడేశాడు. "వెతుక్కుంటూ మొన్నే పోయానత్తా. కార్డు జేబులో పెట్టుకుని గట్టెంట నడుస్తున్నానా, చూద్దును కదా, నిద్రగన్నేరు, నాకంటే రెండు మూరలు ఎత్తు."

"అంతేనా?" అన్నాడు ఆమోసు. లాకుల మీద తలుపులెత్తే లస్కరుగా చేసి రిటైరైన మనిషి.

"అది దూరం నుంచి బాబాయ్. దగ్గరికి పోతే కదా తెలిసింది. మొదలు చుట్టూ ఒకసారి తిరిగొద్దామని పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి సగం చుట్టయ్యింది. ఆకలి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ మొదలు దగ్గరే హోటలు. ఇడ్లీ తిని మిగతా సగం తిరిగా."

"చట్నీ ఉందా?" అంది మణెమ్మ.

"నీ కొట్లో కంటే చిక్కగా ఉంది. సరే, ఎక్కుదామనిపించింది. రెండో రోజుకి ఇబ్రహీంపట్నం కరెంటు ఫ్యాక్టరీ గొట్టాలు కాళ్ళ కింద అగరొత్తుల్లా కనపడ్డాయి. ఆ పొగకి నేను ఒక్క దగ్గు దగ్గితే, రాలిన ఆకులకి బ్యారేజీ మీద బస్సులు ఆగిపోయినయ్. పేపర్లో కూడా వేశారు."

"ఏ పేపర్లో?"

"నువ్వు కొనని పేపర్లో బాబాయ్. మంగళగిరి నేతగాళ్ళు ఆ చెట్టుకి చీర కట్టాలని ఆర్నెల్లు నేస్తే మొదటి కొమ్మకే సరిపోయింది. అయినా అది నిద్రగన్నేరు కదా, పొద్దుగూకితే ఆకులు ముడుస్తది. అన్ని ఆకులూ ఒక్కసారి ముడుచుకుంటే ఆ గాలికి దివిసీమలో కట్టేసిన పడవలు సముద్రంలోకి పోయి, పొద్దున ఆకులు విప్పుకుంటే మళ్ళీ వెనక్కి వచ్చినయ్."

ఆమోసు గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వాడు. కొండలమ్మ నవ్వలేదు.

"బిళ్ళ ఉందా నాగులూ?"

"ఉండకేం? సీసపు బిళ్ళ, రాగి తీగతో కట్టారు. చెట్టుతో పాటు అదీ పెరిగి గుమ్మడికాయంత అయింది."

"మా సత్యశ్రీది?"

"ఉంది, ఉంది. నా చెట్టు పక్కనే."

అబద్ధమని ఆమెకి తెలుసు. అయినా ఆ మాట నిజమైతే బాగుండుననిపించింది. ఏం చెయ్యాలో తోచక చెయ్యి వల మీదికి పోయింది. ఎవరి వల అందినా అంచున బరువుకి కట్టిన సీసం తడిమి చూడటం ఆమెకి పుట్టింటి అలవాటు. వల చిరిగితే కొత్తది అల్లుకుంటారు గానీ సీసం పారెయ్యరు, పాత వలది తీసి కొత్త వలకి వేస్తారు. సీసం గుండ్రంగా తగలాలి. ఇవి తమలపాకు చిలకలు చుట్టినట్టు మడతలుగా ఉన్నాయి. ఒక మడతని గోటితో విప్పింది. మెత్తటి సీసం, తేలిగ్గానే విడింది. లోపల అక్షరాలు. ఇంకోటి విప్పింది. అయిదోది విప్పి, వెలుతురుకి పట్టి, వేలు పెట్టి చదివింది.

"స... త్య... శ్రీ. నూట పద్దెనిమిది."

నాగులు వల తన వైపు లాక్కోబోయి మానుకున్నాడు.

"చెట్లేమో ఆకాశానికి పోయినయ్, బిళ్ళలేమో వీడి వలలోకి వచ్చినయ్," అన్నాడు ఆమోసు.

"చిన్నతనం బాబాయ్," నాగులు తల గోక్కున్నాడు. "వల అంచు సీసంతో సహా తెంపుకొస్తే మా నాన్న చర్మం వలిచేవాడు. సీసం ఎక్కడ దొరుకుద్ది? గట్టున ముప్పై చెట్లకి ఊరికే వేలాడుతున్నయ్."

"మరి నీ చెట్టు బిళ్ళేదిరా?" అంది మణెమ్మ.

"నా చెట్టు మొదటి నెలలోనే గేదె తినేసింది."

"అయితే రెండు రోజులు గేదెనెక్కావన్నమాట."

ఆ నవ్వులేవీ కొండలమ్మకి వినపడలేదు. బిళ్ళని అరచేతిలో పెట్టుకుని చూస్తూనే ఉంది. కవరు చేరింది. తన రాత చేరాల్సిన చోటికే చేరింది. పన్నెండేళ్ళుగా పిల్లకి తను చెప్పింది వట్టి అబద్ధం కాదు.

"ఇది ఏ చెట్టుది నాగులూ? నిజం చెప్పు."

"లాకు దిగువన మూడోదత్తా. నేను బిళ్ళ పీకిన చెట్టు నాకు తెలీదా? నిద్రగన్నేరే. దాని మొదలు పదిమంది చేతులు పట్టుకుంటే గానీ..."

కొండలమ్మ తలెత్తి అతని వైపు చూసింది.

"ఒక మనిషి వాటేసుకోవచ్చు," అన్నాడు నాగులు మెల్లగా. "సత్యశ్రీకి సరిపోద్ది."

కొండలమ్మ బిళ్ళని కొంగున ముడేసుకుని లేచింది. "రేపు పొద్దున్నే రా. వచ్చేటప్పుడు రాగి తీగ పట్టుకురా."