నాలుగు బుగ్గల దూరం

పెరూ కొండల్లో, అడవిలోకి దిగే కనుమ దగ్గర, సాయంత్రం వాన మొదలైంది. గుడిసెలో మొగుడి పక్కన కూచుని ఆలుగడ్డలు ఒలుస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

“ఏమయ్యా, పొద్దున వీపున సంచితో ఒంటరిగా వచ్చిన ఆ పిల్ల, అడవి ఊరెంత దూరమని అడిగింది.”

“ఏం చెప్పావు?”

“నాలుగు బుగ్గల కోకా ఆకు నమిలేంత దూరమన్నాను.”

“నిజమేగా. దగ్గరే.”

“దగ్గరేమిటి, బుగ్గన పెట్టిన ఆకు ముప్పావుగంట నిలుస్తుంది, నాలుగంటే మూడు గంటల నడక! ఆ పిల్ల జేబులోంచి చూయింగ్ గమ్ తీసి నోట్లో వేసుకుంది. ‘ఇవి నాలుగు నమిలితే చేరిపోతాను’ అని నవ్వింది.”

“నువ్వేమన్నావు?”

“నేనూ నవ్వాను.”

“ఓసి నీ నవ్వు పాడుగాను! కాదని చెప్పలేదూ?”

“అప్పుడు పొయ్యి మీద చారు పొంగుతోందయ్యా. దగ్గరేకదా అని ఆ పిల్ల నీళ్లు కూడా నింపుకోలేదు. ఎక్కడ జారిపడిందో, ఏ వాగు లాక్కుపోయిందో...”

“అప్పుడే చంపేస్తావేం? చేరే ఉంటుంది.”

“కిందనుంచి వచ్చిన గాడిదలవాణ్ని అడిగాను. దారిలో ఎవరూ ఎదురుపడలేదన్నాడు.”

ఆమె లేచి గొంగళి కప్పుకుంది.

“ఈ వానలోనా? చాలా దూరమే!”

“ఇందాక దగ్గరేనన్నావుగా,” అంటూ ఆమె బుగ్గన ఆకు పెట్టుకుని, మిగిలింది అతని చేతిలో పోసింది. “నాలుగు బుగ్గలే. పద.”