సగం తీసిన పొర

అమెరికాలోని డులూత్‌లో మంచు కురుస్తున్న ఉదయం. స్కూలు బస్సు వచ్చేలోపు వంటింట్లో తల్లి కూతురి తుంటికి, ధ్యాస నిలవడానికి డాక్టరు రాసిన మందు పట్టీ అంటించబోతోంది.

"ఆగమ్మా. నిన్న కుడివైపు వేశావు. ఇవాళ ఎడమ."

"బాగానే గుర్తుంటోందే నీకు. పోయిన చలికాలం బూట్లెక్కడ విప్పావో కూడా తెలిసేది కాదు."

"పట్టీ మహిమ. నిన్న మాత్రం దాని వెనక పొర సగమే తీసి అంటించావు. మిగతా సగం మర్చిపోయావు."

"అయ్యో. అందుకేనా లెక్కల టీచరు ఫోన్ చేసింది, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నావని?"

"సాయంత్రం పట్టీ తీసేటప్పుడు ఆ పొర చూశాను. కిటికీ బయట ఉడుత మాత్రం బాగుందిలే."

"నవ్వకు. నా బుర్ర ఎక్కడ పెట్టానో."

"కారు తాళాల పక్కనే ఉంటుంది. ఫ్రిజ్‌లో చూడు."

"నీ నోటికి కూడా ఒక పట్టీ వెయ్యాలి."

"అమ్మా, డాక్టరమ్మ మొదటిసారి అడిగింది గుర్తుందా? మొదలుపెట్టిన పని సగంలో వదిలేస్తావా, వస్తువులు పారేసుకుంటావా అని. అడిగింది నన్నయినా నాకు నువ్వే గుర్తొచ్చావు."

"మా అమ్మ నన్ను సోమరిపోతు అనేది. నిజమేననుకున్నాను."

"నువ్వు నన్నెప్పుడూ అలా అనలేదు."

"అనాలనిపించలేదు. ఎలా ఉంటుందో తెలుసుగా."

"పెద్దవాళ్ళకీ ఈ ధ్యాస నిలవని జబ్బు ఉంటుందట. నేను డాక్టరమ్మని అడిగాను."

"అదిగో బస్సు. పరిగెత్తు."

"ముందు పట్టీ మీంచి నీ చెయ్యి తియ్యి. అర నిమిషం నొక్కితే చాలన్నారు."

"శుక్రవారం నీ చెకప్పేగా. నా సంగతి కూడా అడుగుతాను. నువ్వే గుర్తుచెయ్యి."

"చేస్తాను. నాకు గుర్తుంటుంది."